మూత రాని సీసా

ఓపల్ గస్టాఫ్సన్‌కు ఏ పనీ ఒంటరిగా చేసుకోవడం చేతకాదు. ఇరవై మూడేళ్ళుగా ఆవిడ ఒంటరిగానే బతుకుతోంది.

ఈ రెండు సంగతులూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయా అని డస్టీ ఫోర్క్ ఎడారిలో చలికాలం గడిపే జనమంతా ఏదో ఒకనాడు బుర్ర గోక్కున్నవాళ్ళే. ఆవిడకు డెబ్బై రెండేళ్ళు. ఇల్లూ వాకిలీ ఏమీ లేవు. ఉన్నదల్లా ఒంటినిండా గోధుమరంగు చారలున్న పాత ఇంటిబండి ఒకటి. వంటిల్లు, మంచం, స్నానాల గది అన్నీ అందులోనే. దాని పేరు బిస్కెట్. ఆ బిస్కెట్‌లో ఆవిడ అలాస్కా వెళ్ళొచ్చింది, మెక్సికో వెళ్ళొచ్చింది, ఒకసారి మంచులో కూరుకుపోయి వారం రోజులు చిక్కుడు గింజలు తిని బతికి బయటపడింది. కానీ సీసా మూత తీసుకోలేదు. గ్యాస్ సిలిండర్ మార్చుకోలేదు. టైర్లో గాలి ఉందో లేదో చూసుకోలేదు. పొద్దున లేచి ఎవరిదో ఒకరి తలుపు తట్టి "బంగారం, ఒక్క చిన్న సాయం" అంటే తప్ప ఆవిడకు కాఫీ గొంతు దిగదు.

"మరి అలాస్కాలో నీ మూతలు ఎవరు తీశారు ఓపల్?" అని పక్క బండి వర్న్ అడిగేవాడు. వర్న్ నలభై ఏళ్ళు లారీ నడిపి రిటైరైనవాడు. ఇప్పుడు మడతకుర్చీలో కూర్చుని ఎదుటివాళ్ళ డ్రైవింగుకు వంకలు పెట్టడం ఆయన ఉద్యోగం.

"అక్కడి ఎలుగుబంట్లు ఎంత మర్యాదస్తులో నీకేం తెలుసు?" అనేది ఓపల్.

లినెట్ ప్రూయిట్ ఆ ఎడారిలో దిగింది జనవరి రెండో వారంలో. దిగింది అనడం కంటే తిరిగింది అనడం న్యాయం. ఆమె బండి ఆ మైదానం చుట్టూ నాలుగు ప్రదక్షిణలు చేసింది. ఖాళీ చోట్లు బోలెడున్నాయి. అయితే ఏ చోట దూరినా మళ్ళీ బయటికి రావాలంటే బండిని వెనక్కి తియ్యాలి. ఆ విద్య లినెట్‌కు రాదు. ఒహాయో నుంచి అరిజోనా దాకా రెండు వేల మైళ్ళు ఆమె ఒక్క గజమైనా వెనక్కి నడపకుండా వచ్చింది. ఇటు దూరి అటు బయటపడే పెట్రోల్ బంకులు వెతుక్కుంటూ, అటూ ఇటూ దారులున్న పార్కింగు స్థలాల్లో పడుకుంటూ వచ్చింది. మధ్యలో ఒక హోటల్ సందులో ఇరుక్కుపోతే, వెనకే ఉన్న చెత్తలారీ డ్రైవర్ని బతిమాలి అతని చేత తీయించుకుంది. చివరికి ఇక్కడ నాలుగో చుట్టులో, తిన్నగా ముందుకే వెళ్ళిపోగలిగే చోటు ఓపల్ బండి పక్కన కనబడితే బతుకు జీవుడా అని ఆగింది.

ఆమెకు అరవై ఒక్క ఏళ్ళు, విడాకులై ఎనిమిది నెలలు. మొగుడు డ్వేన్ ఇల్లు తను ఉంచుకుని బండి ఆమెకు వదిలేశాడు. దయతో కాదు. "నువ్వు దాన్ని వారం రోజులు కూడా నడపలేవు" అని లాయర్ల ముందే అన్నాడు. ఆ మాట కడుపులో పెట్టుకునే లినెట్ ఇంతదూరం వచ్చింది. దారిలోనే పౌరుషం చల్లారి భయం మిగిలింది. ఏ బొత్తాం నొక్కితే ఏం పేలుతుందోనని హీటరు వెయ్యకుండా, రెండు కోట్లు తొడుక్కుని పడుకునేది. ఇక లాభం లేదని బండి అమ్మకానికి పెట్టింది. యూమా ఊరి నుంచి ఒకాయన ఫిబ్రవరి ఆఖరి శనివారం వచ్చి చూస్తానన్నాడు. అమ్మేశాక ఒహాయోలో అక్క జాయిస్ ఇంటి నేలమాళిగలో, బట్టలుతికే మిషను పక్కన ఒక గది. ఆ గది కిటికీకి ఏ రంగు కర్టెన్లు కావాలని అక్క ఫోనులో రోజూ అడిగేది. ఆ ప్రశ్న విన్నప్పుడల్లా లినెట్‌కు ఊపిరాడేది కాదు. ఆ నేలమాళిగలోకి ఒకసారి దిగితే మళ్ళీ పైకి రాననిపించేది.

ఓపల్ పక్కన ఆగిన ఆ రోజు, ఇంజను ఇంకా చల్లబడకముందే తలుపు మీద టకటక.

"కొత్తగా వచ్చావా బంగారం? ఈ మూత చూడు, ఎంత తిప్పినా రానంటోంది."

బయట తెల్లజుట్టు రెండు జడలుగా అల్లుకున్న పొట్టి మనిషి. చేతిలో దోసకాయ ఊరగాయ సీసా. దాని మీది కాగితం బొమ్మ ఎప్పుడో చెరిగిపోయింది. లినెట్ కోటు చేతిని అడ్డం పెట్టి తిప్పింది. ఒక్క తిప్పుకే వచ్చేసింది.

"అబ్బ, ఏం బలం! ఏం పని చేసేదానివి?"

"స్కూల్ వంటశాలలో అండీ. రోజూ ఆరువందల మంది పిల్లలకు భోజనం."

"అదీ సంగతి. ఆ చేతులు చూడగానే అనుకున్నా. ఇదిగో, ఒక దోసకాయ తీసుకో."

లినెట్ చెయ్యి చాపేలోపే ఓపల్ మూత బిగించేసుకుని చక్కా వెళ్ళిపోయింది. లినెట్ చాపిన చెయ్యి అలాగే పెట్టుకుని కాసేపు నిలబడింది. ఎనిమిది నెలల్లో ఒక మనిషి ఆమెను మెచ్చుకోవడం అదే మొదటిసారి. దోసకాయ దక్కకపోయినా కడుపు నిండినట్టే అయింది.

మర్నాడు ఓపల్ పెనంతో సహా ప్రత్యక్షమైంది. పెనంలో గుడ్డు మధ్యలో ఉండకుండా ఒక అంచుకు జారి, అక్కడే గడ్డకట్టి ఉంది.

"చూశావా నా తలరాత? బండి ఒక పక్కకు ఒరిగింది. చక్రాల కింద చెక్కలు పెట్టాలట. ఏ చక్రానికి, ఎన్ని, ఏమీ అంతుపట్టదు. వర్న్‌ని అడిగితే రోడ్లు కనిపెట్టిన కాలం నుంచి మొదలుపెడతాడు."

"నాకూ తెలీదండీ. ఒహాయోలో బయల్దేరినప్పటి నుంచీ ఒరిగే పడుకుంటున్నా. తెల్లారేసరికి తలగడ వంటింట్లో ఉంటోంది."

"అయితే మనిద్దరం కలిసి తంటాలు పడదాం. ఇదిగో, ఈ పుస్తకంలో ఏదో రాసి చచ్చారు. నా కళ్ళజోడు కనబడటం లేదు, నువ్వు చదువు."

కళ్ళజోడు ఆవిడ నెత్తి మీదే ఉంది. మర్యాద కాదని లినెట్ ఆ మాట అనలేదు. పుస్తకం చదివి, గుమ్మంలో రసమట్టం పెట్టి, ఏ పక్క పల్లమో చూసి, చెక్కలు పేర్చింది. ఓపల్ బండిని వాటి మీదికి ఎక్కించింది. గుడ్డు ఈసారి పెనం మధ్యలో బుద్ధిగా కూర్చుంది. "నువ్వు ఇంజనీరు కావలసినదానివి" అని ఓపల్ ఆ గుడ్డు సగం కోసి పెట్టింది. సాయంత్రం లినెట్ తన బండి చక్రాల కింద కూడా చెక్కలు పెట్టుకుంది. మర్నాడు తలగడ తల కిందే ఉంది.

ఆ తర్వాత రోజుకొక గండం. సోమవారం గ్యాస్ సిలిండర్ మరలు ఎటు తిప్పాలో ఓపల్‌కు గుర్తులేదు. మంగళవారం హీటరు వెలగలేదు. "నీ హీటరు ఎలా వెలిగిస్తావో ఒకసారి చూపించు బంగారం, చూసి నేర్చుకుంటా" అంది. లినెట్ సిగ్గుతో చచ్చిపోయి, పుస్తకం తీసి, గుండె చిక్కబట్టుకుని మొదటిసారి హీటరు వెలిగించింది. ఏదీ పేలలేదు. కోట్లు రెండూ విప్పేసి, ఆ వెచ్చదనంలో కూర్చుని ఆమె కాసేపు ఊరికే నవ్వుకుంది.

మురికినీళ్ళు పారబోసే చోట మాత్రం ఓపల్ ఆమె పరువు నిలువునా తీసింది. వెనక పన్నెండు బండ్లు బారులు తీరి ఉంటే, చేతికి తొడుగులు వేసుకుని, గొట్టం పట్టుకుని నడుమధ్య నిలబడి గొంతెత్తి అడిగింది.

"బంగారం! మరుగుదొడ్డిది ముందు వదలాలా, గిన్నెలు కడిగిన నీళ్ళు ముందు వదలాలా?"

"కాస్త మెల్లగా అనండి ఓపల్ గారూ, అందరూ వింటున్నారు."

"విననీ, వాళ్ళకూ తెలియాలిగా!"

లినెట్ పుస్తకంలో మొహం దాచుకుని చదివింది. "ముందు మరుగుదొడ్డిది. తర్వాత గిన్నెల నీళ్ళు. అప్పుడు ఆ నీళ్ళే గొట్టాన్ని కడిగేస్తాయట."

"ఎంత తెలివి! ఇది నువ్వే కనిపెట్టావా?"

"పుస్తకంలో ఉందండీ."

"ఉంటే మాత్రం? చదివే మనిషిలో ఉండాలి."

వెనక బండ్లలో ఒకాయన చప్పట్లు కొట్టాడు. ఆ వారం నుంచి ఆ పని లినెట్‌కు పళ్ళు తోముకోవడంతో సమానమైపోయింది.

ఒకనాడు మధ్యాహ్నం ఎవడో ఒక ట్రక్కులో మెల్లగా ఆమె బండి చుట్టూ రెండుసార్లు తిరిగి వెళ్ళాడు. దారి వెతుక్కుంటున్నాడో ఏమో కానీ లినెట్ గుండె జారిపోయింది. నాలుగింటికి అందరూ ఎవరి కుర్చీ వాళ్ళు మోసుకొచ్చి కబుర్లకు కూర్చునే వేళ ఆ సంగతి చెప్పింది. మర్నాడు పొద్దున ఓపల్ ఒక జత మగవాళ్ళ బూట్లు మోసుకొచ్చింది. ఒక్కో బూటులో పిల్లి కాపురం పెట్టొచ్చు. వాటితో పాటు 'కిల్లర్' అని పేరు రాసిన పెద్ద కుక్కగిన్నె ఒకటి.

"నా బండిలో చోటు చాలడం లేదు బంగారం. ఇవి నీ గుమ్మం ముందు పడుండనిస్తే నాకు మహోపకారం."

"ఎవరివండీ ఈ బూట్లు?"

"ఎవరివీ కావు. అందుకే ఎప్పుడూ బయటే ఉంటాయి."

"మరి కుక్క?"

"దాని తిండి ఖర్చు భరించలేక నేను కుక్కను తెచ్చుకోలేదు. గిన్నె మాత్రం తెచ్చుకున్నా."

పోతూ పోతూ వెనక్కి తిరిగింది. "అన్నట్టు నాకు మతిమరుపు ఎక్కువైపోయింది. ఒక ముక్క నువ్వు గుర్తుపెట్టుకుని అప్పుడప్పుడు నాకు చెబుతుండు. మనసుకు నచ్చని చోట ఆగకూడదు. ఎందుకు నచ్చలేదో తర్వాత ఆలోచించుకోవచ్చు, ముందు బండి తీసెయ్యాలి. అలా తీసెయ్యాలంటే బండి ముక్కు ఎప్పుడూ రోడ్డు వైపు ఉండాలి."

"ముక్కు రోడ్డు వైపు ఉండాలంటే వెనక్కి పెట్టడం రావాలి కదండీ?"

"రావాలి," అని ఓపల్ పెద్ద నిట్టూర్పు విడిచింది. "ఆ పని ఎవరికి వచ్చో ఏమో!"

మూడో రోజుకల్లా ఆవిడ మెడ పట్టేసింది. అటూ ఇటూ తిరగదట. మంచినీళ్ళు పట్టుకొచ్చుకోవాలి, బిస్కెట్‌ను తీసుకెళ్ళి తెచ్చి మళ్ళీ చోటులో పెట్టాలి, ఎలా? లినెట్ నీళ్ళు తాను మోసుకొస్తానంది. వద్దంది ఓపల్. వర్న్‌ను పిలుస్తానంది. "వాడు లారీ అనుకుని నడుపుతాడు, నా బిస్కెట్ సున్నితం" అంది ఓపల్. చివరికి లినెట్ చెమటలు కక్కుతూ స్టీరింగు ముందు కూర్చుంది.

నీళ్ళు పట్టడం సులువుగానే అయింది. తిరిగొచ్చేసరికి వార్త పొక్కిపోయి, మైదానమంతా కుర్చీలు తెచ్చుకుని కూర్చుంది. ఒకరు బండి వెనక్కి పెడుతుంటే తక్కినవాళ్ళు చూడటం అక్కడి రివాజు. టిక్కెట్టు లేని నాటకం అది. మొగుడు లోపలి నుంచి అరవడం, పెళ్ళాం బయట చేతులూపుతూ ఏడవడం, సాయంత్రం దాకా ఇద్దరికీ మాటల్లేకపోవడం మామూలే. డ్వేన్‌తో ఆ నాటకం లినెట్ చాలాసార్లు ఆడింది, ఎప్పుడూ ఏడిచే పాత్రే.

ఓపల్ వెనక నిలబడి చేతులూపడం మొదలుపెట్టింది.

"కుడికి! కుడికి! కాదు, నా కుడి! అయ్యో, నీ కుడి! ఆగు! అంటే ఆగొద్దు!"

"ఏ కుడి అండీ?"

"నువ్వు మొదట తిప్పావే, అది కాని కుడి!"

వర్న్ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. ఆయన పక్కన రిటైరైన నర్సు ఫ్రాన్సీన్ కళ్ళు తుడుచుకుంటోంది. లినెట్‌కు ఒళ్ళు మండిపోయింది. బ్రేకు వేసి, దిగి, ఓపల్‌ను పక్కకు జరిపింది. "మీరు దయచేసి నోరు మూసుకోండి ఓపల్ గారూ. నేనే చూసుకుంటా." వెనక ఎంత చోటుందో కళ్ళతో కొలుచుకుని, ఎక్కి, నాలుగడుగులు జరిపి, మళ్ళీ దిగి చూసింది. మళ్ళీ ఎక్కింది. అలా ఏడుసార్లు. ఏడోసారి బిస్కెట్ తన చోటులో, చెక్కల మీద, ముక్కు రోడ్డు వైపు పెట్టుకుని నిలబడింది.

"ఏడుసార్లు దిగింది," అన్నాడు వర్న్ గంభీరంగా. "నేనూ ఆ మాత్రం దిగి చూసుంటే ఒక గోడ, ఒక ఐస్‌క్రీం బండి ఇవాళ క్షేమంగా ఉండేవి."

ఓపల్ మెడ ఆ సాయంత్రానికే నయమైపోయింది. మర్నాటికి మళ్ళీ పట్టేసింది. అలా పదిరోజుల్లో నాలుగుసార్లు పట్టి, లినెట్ రెండుసార్లే దిగి బండి పెట్టగలిగిన రోజున శాశ్వతంగా వదిలిపోయింది.

ఇప్పుడు లినెట్‌కు కొత్త బెంగ పట్టుకుంది. అక్క ఫోను చేసినప్పుడు అదే చెప్పింది.

"నేను వచ్చేస్తే ఈవిడ గతేం కాను జాయిస్? ఆ దోసకాయల సీసా మూత ఇప్పటికి ఆరుసార్లు తీసిచ్చా. గ్యాస్ ఎవరు మారుస్తారు? బ్యాటరీలో నీళ్ళు ఎవరు పోస్తారు?"

"నువ్వు బ్యాటరీలో నీళ్ళు పోస్తున్నావా?" అంది జాయిస్. "డ్వేన్ దగ్గరున్నప్పుడు టార్చిలైటులో సెల్లు కూడా మార్చేదానివి కాదు!"

"మార్చనిచ్చాడా?"

అక్క మాట మార్చేసింది. "కర్టెన్లు నీలంవా, పసుపువా?" అంది. లినెట్‌కు మళ్ళీ ఊపిరాడలేదు. అమ్మడం ఇష్టం లేదని అప్పుడే ఆమెకు తెలిసింది. కానీ ఇష్టం వేరు, ధైర్యం వేరు. ఒక పిచ్చి ముసలావిడ బండి నాలుగుసార్లు పెట్టినంత మాత్రాన ఊరూరా ఒంటరిగా తిరగగలనని నమ్మకం ఏముంది? మాటిచ్చింది కదా, ఆయన్ని రానిద్దాం అనుకుంది.

ఆఖరి శనివారం పదింటికల్లా రోజర్ కింబ్రో దిగాడు. ఇస్త్రీ చొక్కా, నడుముకు కొలత టేపు. గుమ్మం ముందు బూట్లు చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"మీవారు నిద్రలో ఉన్నట్టున్నారు. లేచాక వివరాలు ఆయన్నే అడుగుతాలెండి."

"ఆయన లేవరండీ. నన్నే అడగండి."

అతను నమ్మకం లేకుండానే అడిగాడు. టైర్లెప్పటివి? లినెట్ చెప్పింది. వాటి వయసు టైరు మీద ఎక్కడ రాసుంటుందో కూడా చూపించింది. బ్యాటరీలు? చెప్పింది. కప్పు కారుతుందా? అతుకులకు పోయిన నెలే తానే జిగురు పట్టించానంది. ఓపల్ కప్పుకు పట్టించడానికి వెళ్ళి మిగిలింది తెచ్చుకుని తన కప్పుకూ పూసిన సంగతి మాత్రం చెప్పలేదు. ప్రతి ప్రశ్నకూ జవాబు తన నోటి నుంచే వస్తుంటే అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది ఆమే.

"సరే, నడిపి చూస్తా," అని అతను బండి ఎక్కి మైదానం ఒక చుట్టు తిప్పి, వెనక్కి ఎలా వెళుతుందో చూద్దామని పాతచోటులోకి వెనక్కి పెట్టబోయాడు. అప్పటికి కుర్చీలన్నీ వచ్చేశాయి.

"దిగి ఒకసారి చూసుకోండి," అంది లినెట్.

"అక్కర్లేదమ్మా. నేను పన్నెండో ఏట నుంచీ ట్రాక్టర్ నడుపుతున్నా."

"దిగితే మంచిదండీ."

"నాకు అద్దాలు చాలు."

అద్దాలు చాలలేదు. వర్న్ తన డెబ్బై ఐదేళ్ళ జీవితంలో ఎన్నడూ లేవనంత వేగంగా కుర్చీతో సహా లేచాడు. ఆ కుర్చీ ఉన్న చోటు మీదుగా బండి వెనక భాగం వెళ్ళిపోయింది. కిల్లర్ గిన్నె చక్రం కింద పడి అప్పడమైంది. బూటు ఒకటి ఎగిరి ఫ్రాన్సీన్ ఒళ్ళో పడింది. బండి సరిగ్గా బిస్కెట్ నిచ్చెనకు జానెడు దూరంలో, ఏటవాలుగా, ముందుకూ వెనక్కూ కాకుండా ఇరుక్కుని ఆగింది. రోజర్ మొహం ఇస్త్రీ చొక్కాకంటే తెల్లబడింది.

"దిగండి," అంది లినెట్. ఆ గొంతు ఆమెదేనని ఆమెకే అనుమానం వచ్చింది. "నా బండి. నేను తీస్తా."

ఎక్కింది. అరగజం ముందుకు, స్టీరింగు పూర్తిగా తిప్పి అరగజం వెనక్కి. దిగి చూసింది. మళ్ళీ ఎక్కింది. ఇంకోసారి దిగి చూసింది. మూడో ఎత్తుకు బండి జారినట్టుగా తన చోటులోకి వెళ్ళి, ముక్కు రోడ్డు వైపు పెట్టుకుని నిలబడింది. చప్పట్లకు ఎడారిలో ఎలుకలు కలుగుల్లోంచి బయటికొచ్చి ఉంటాయి.

"బండి భేషుగ్గా ఉందమ్మా," అన్నాడు రోజర్ చెమట తుడుచుకుంటూ. "బేరం మాట్లాడుకుందామా?"

"లేదండీ. అమ్మను. ఇంతదూరం వచ్చారు, మన్నించండి. కాఫీ తాగి వెళ్ళండి."

అతను కాఫీ తాగలేదు. బూటును ఒకసారి చూసి వెళ్ళిపోయాడు. లినెట్ అక్కడికక్కడే అక్కకు ఫోను చేసింది. "పసుపు కర్టెన్లు పంపు జాయిస్. కానీ కొలత చిన్నది. నా బండి కిటికీకి!" అని అరిచి, ఏడుస్తూ నవ్వుతూ ఓపల్ కోసం చూసింది. వింతేమిటంటే ఇంత నాటకంలో ఓపల్ కుర్చీ లేదు. ఎవరు తుమ్మినా ముందు వరసలో ఉండే మనిషి!

లినెట్ పరుగెత్తుకుంటూ బిస్కెట్ అవతలి వైపుకు వెళ్ళింది. బండి కింది నుంచి రెండు పొట్టి కాళ్ళు బయటికొచ్చి ఉన్నాయి. కూనిరాగం వినబడుతోంది. వంగి చూసింది. ఓపల్ చాప మీద వెల్లకిలా పడుకుని, పొగగొట్టం బిగిస్తోంది. పక్కనే పనిముట్ల పెట్టె, అందులో పానాలు వరసగా సైజుల ప్రకారం. చెయ్యి చూడకుండానే కావలసిన పానాను తడిమి అందుకుంటోంది. నెత్తి మీద ఉండాల్సిన కళ్ళజోడు కళ్ళకే ఉంది. పట్టేసిన మెడ ఏ నొప్పీ లేకుండా అన్ని వైపులకూ తిరుగుతోంది.

"ఓపల్ గారూ."

కూనిరాగం ఆగిపోయింది.

"ఎవరూ, బంగారమా? దేవుడిలా వచ్చావు! ఇక్కడ ఏదో ఊడిపడింది, ఇదేమిటో, దీన్ని దేనికి వాడతారో..."

"అది పదమూడో నంబరు పానా."

"అవునా! ఎంత..." అని మొదలుపెట్టి, లినెట్ మొహం చూసి ఓపల్ నోరు మూసుకుంది. చాప మీద నుంచి పాకుతూ బయటికొచ్చి, మోకాళ్ళు దులుపుకుని, దొంగతనం బయటపడ్డ పిల్లలా నిలబడింది.

మెట్టు మీద దోసకాయల సీసా ఉంది. వెనకే వచ్చిన ఫ్రాన్సీన్ దాన్ని చూసి, "ఓహో, ఇది ఇంకా బతికే ఉందా?" అంది. "పదకొండేళ్ళ క్రితం నేనూ తీశా ఈ మూత. అప్పుడు బొమ్మ కాస్త కనబడేది."

"నేనూ తీశా," అన్నాడు వర్న్. "మా ఆవిడ పోయిన ఏడాది. నెలరోజులుగా డబ్బాల్లో తిండి తింటున్నా. ఈవిడొచ్చి ఉల్లిపాయ తరగడం చేతకాదు, కళ్ళు మండుతున్నాయి, నువ్వు తరుగు, నేను చదువుతా, నువ్వు పెనం మీద వెయ్యి అంది. చూస్తుండగా నాకు వంటొచ్చేసింది."

"మరి మీకు ముందే తెలిసీ నాతో ఒక్కమాట అనలేదే!" అంది లినెట్.

"అంటే నాటకం పాడవదూ? కుర్చీ ఎందుకు వేసుక్కూర్చున్నామనుకున్నావు?"

లినెట్ ఓపల్ వైపు తిరిగింది. "ఎందుకండీ ఇదంతా? నేర్పిస్తానని చెప్పొచ్చుగా?"

"నేర్పిస్తానంటే ఎవరొస్తారు బంగారం? చేతకానిదాన్నని ముందు ఒప్పుకోవాలి కదా. అప్పటికే ఆ మాట ఇంట్లో చాలాసార్లు విని వచ్చి ఉంటారు." ఓపల్ సీసా తీసి కొంగులేని ఆడవాళ్ళు చేసినట్టే చొక్కా అంచుతో తుడిచింది. "నేను కొత్తగా వచ్చిన ఏడాది ఎవర్నడిగినా చేసిపెట్టారు, మంచివాళ్ళు. చేసిపెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. మళ్ళీ పాడైతే మళ్ళీ వాళ్ళ గుమ్మం. ఒక్కరూ పానా నా చేతికివ్వలేదు. సాయం చెయ్యమని అడిగి చూడు, ఎంత భయస్థులైనా చెప్పులు మరిచిపోయి పరుగెత్తుకొస్తారు. నువ్వూ వచ్చావుగా."

లినెట్‌కు కోపం రావాలో దండం పెట్టాలో తెలియలేదు. ఆవిణ్ని గట్టిగా కౌగలించుకుంది. గ్రీజు మరక ఆమె కోటుకు అంటింది. ఆ మరక ఇప్పటికీ ఉంది, ఉతికించలేదు.

ఏప్రిల్‌లో ఎండ ముదిరింది. మైదానం ఖాళీ అవుతోంది. బయల్దేరేముందు ఓపల్ వచ్చి తలుపు తట్టింది.

"బంగారం, ఒక్క చిన్న సాయం."

"ఇక చాలండీ మీ వేషాలు!"

"కాదు, ఒట్టు. ఇది నిజంగా నాకు రాదు. నేను లోపల బ్రేకు తొక్కుతా. వెనక దీపాలు వెలుగుతున్నాయో లేదో ఎవరైనా బయట నిలబడి చెప్పాలి. ఇరవై మూడేళ్ళలో ఈ ఒక్కపనీ ఒంటరిగా చెయ్యలేకపోయా."

లినెట్ వెళ్ళి బిస్కెట్ వెనక నిలబడింది. ఎర్రదీపాలు రెండూ చక్కగా వెలిగాయి. కుడి, ఎడమ సంకేతాలు కూడా.

"ఎడమది వెలగడం లేదు!" అని అరిచింది.

ఓపల్ గాభరాగా దిగి పరుగెత్తుకొచ్చింది. దీపాన్ని చూసి, లినెట్‌ను చూసి, "నీకు నేర్పిన నన్ననాలి" అని భుజం మీద ఒక్కటి చరిచింది. తర్వాత తాను లినెట్ బండి వెనక నిలబడి దీపాలు చూసి, అన్నీ బాగున్నాయంది. చెయ్యి ఊపుతూ బిస్కెట్ రోడ్డెక్కింది. లినెట్ తన గుమ్మం దగ్గరికి వచ్చేసరికి బూట్ల పక్కన దోసకాయల సీసా ఉంది.

లినెట్ ఉత్తరాన ఫ్లాగ్‌స్టాఫ్ కొండల్లో పైన్ చెట్ల మధ్య ఆగింది. దిగి రెండుసార్లు చూసుకుని, వెనక్కి పెట్టి, ముక్కు రోడ్డు వైపు ఉంచింది. ఎవరూ చూడలేదు కాబట్టి తనే చప్పట్లు కొట్టుకుంది. నాలుగో రోజు మధ్యాహ్నం కాఫీ తాగుతుంటే ఒక కొత్త బండి కనబడింది. చెట్ల మధ్య దారిలో ఒక చుట్టు, రెండో చుట్టు, మూడో చుట్టు. స్టీరింగును రెండు చేతులతో పీకపట్టుకున్నట్టు పట్టుకున్న ఒక నడివయసు మనిషి. పక్క సీటు ఖాళీ.

లినెట్‌కు నవ్వొచ్చింది. సీసా అందుకుంది. వెళ్ళేముందు మూత కాస్త వదులు చేసి పెట్టుకుంటే ఆ మనిషికి సులువుగా వస్తుంది కదా అని తిప్పింది. కదల్లేదు. కోటు చేతిని అడ్డం పెట్టి తిప్పింది. వేడినీళ్ళలో ముంచి తిప్పింది. చాకు వెనక వైపుతో చుట్టూ తట్టి తిప్పింది. ఆరువందల మందికి వండిన చేతులు ఎర్రబడ్డాయి గానీ మూత వెంట్రుకంత కూడా జరగలేదు. పదమూడో నంబరు పానా పట్టే చేతులతో ఓపల్ ఆఖరిసారి ఎంత బిగించిందో అప్పుడు అర్థమైంది.

నాలుగో చుట్టులో ఆ బండి లినెట్ పక్కనే ఆగింది. ఇంజను చల్లబడకముందే లినెట్ వెళ్ళి తలుపు తట్టింది.

"ఏమనుకోకు బంగారం," అంది. "ఒట్టేసి చెబుతున్నా, ఈ మూత నిజంగానే రావడం లేదు."